ఒంటరి షుగర్ గ్లైడర్: ఇంట్లో పెంచే జీవికి దాని జాతి తోడు ఎందుకు కావాలి



అర్ధ సంవత్సర పరీక్షలు అయిపోయిన వారంలో మన బడి అమ్మాయి ఒకతె నా గదికి వచ్చి, "సార్, మా గ్లైడర్ తోక కొరుక్కుంటా ఉండాది, ఏమన్నా మందుందా?" అని అడిగింది. గ్లైడర్ అంటే ఏదో బొమ్మ విమానం అనుకున్నాను. ఆ పాప నోటుబుక్కు వెనక అట్ట మీద బొమ్మ గీసి చూపించింది. పెద్ద కళ్ళు, నుదుటి నుంచి వీపు దాకా నల్లటి చార, ముందు కాలికీ వెనక కాలికీ మధ్య గొడుగు గుడ్డలాంటి చర్మం. పుట్టినరోజుకు వాళ్ళ నాన్న బెంగళూరులో కొని తెచ్చారట. ఎన్ని తెచ్చారు అని అడిగితే, ఒకటే అంది.

వాళ్ళ నాన్నను పిలిపించి మాట్లాడాను. ఆయన తప్పేమీ లేదు. "సార్, మేమిద్దరమూ పొద్దున రైలుకు పోతాము, రాత్రికి వస్తాము. పాపకు తోడుగా ఉంటాదని తెచ్చినా" అన్నారు. ఈ మాట మన కేజీఎఫ్‌లో ఎన్ని ఇళ్ళలో వినిపించదు చెప్పండి! 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తర్వాత మారికుప్పం, ఛాంపియన్, ఊరిగాం, కోరమాండల్ స్టేషన్లలో తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరుకు పోయి, చీకటి పడ్డాక ఇల్లు చేరేవాళ్ళు వేలమంది. బడి వదిలిన తర్వాత తాళం తీసుకుని ఒంటరిగా ఇంట్లోకి పోయే పిల్లలు మన దగ్గర చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసం ఒక కుక్కపిల్లనో, చిలుకనో, ఇప్పుడు కొత్తగా ఈ షుగర్ గ్లైడర్‌నో తెస్తున్నారు. తోడు కోసం తెచ్చిన ఆ ప్రాణికి మాత్రం తోడు లేదు. అందుకే ఈ వ్యాసం.

షుగర్ గ్లైడర్ అంటే ఏమిటి

చూడటానికి మన పడమటి కనుమల్లో ఉండే ఎగిరే ఉడుతలా ఉంటుంది. కానీ ఉడుతకూ దీనికీ చుట్టరికం లేదు. ఇది కంగారూ వంశానికి దగ్గరిది, పొట్ట మీద సంచి ఉన్న జీవి. శాస్త్రీయ నామం పెటారస్ బ్రెవిసెప్స్. ఆస్ట్రేలియా, న్యూగినీ అడవులు దీని సొంత ఊరు. పెద్దదైనా 100 నుంచి 160 గ్రాములకు మించి పెద్దగా పెరగదు. ఒళ్ళెంత పొడవో తోకా దాదాపు అంతే. ఒక చెట్టు మీద నుంచి దూకి, చర్మాన్ని తెరచాపలా పరచి, 50 మీటర్ల దూరంలో ఉన్న మరో చెట్టు మీద వాలగలదు. తీపి ఇష్టం కాబట్టి షుగర్ అని పేరు వచ్చింది. తుమ్మజాతి చెట్ల బంక, నీలగిరి జాతి చెట్ల రసం, పూలతేనె, పురుగులు దీని ఆహారం.

ఎనిమిదో తరగతి పైన ఉన్న పిల్లలకు ఒక సంగతి. ఉడుత ఒక ఖండంలో, ఈ సంచి జీవి మరో ఖండంలో, ఒకదానికొకటి సంబంధం లేకుండానే, చెట్టు నుంచి చెట్టుకు తేలిపోయే ఒకే రకం ఒడుపును సంపాదించుకున్నాయి. ఒకే రకం బతుకు, ఒకే రకం శరీరం. జీవశాస్త్రంలో దీన్ని అభిసారి పరిణామం అంటారు. పరీక్షలో అడిగితే ఈ ఉదాహరణ రాయండి.

పిల్ల పుట్టేటప్పుడు బియ్యపు గింజంత ఉంటుంది. గర్భంలో ఉండేది 16 రోజులే. ఆ తర్వాత తల్లి సంచిలోకి పాకిపోయి, రెండు నెలలు దాటేదాకా అక్కడే పాలు తాగుతూ పెరుగుతుంది. బయటికి వచ్చాక తల్లి మేతకు పోతే గూట్లో తండ్రి పిల్లను వెచ్చగా పెట్టుకుంటాడు. క్షీరదాల్లో తండ్రి ఇంత పని చేయడం అరుదు.

గుంపే దాని ఇల్లు

అడవిలో షుగర్ గ్లైడర్ ఒంటరిగా ఉండదు. చెట్టు తొర్రలో ఆకులు పరచుకుని ఏడెనిమిది ఒక కుటుంబంగా, ఒకదాని మీద ఒకటి ముద్దగా పడుకుంటాయి. గుంపులోని పెద్ద మగదానికి నుదుటి మీద, రొమ్ము మీద వాసన గ్రంథులుంటాయి. ఆ మగదాని నడినెత్తి మీద బొట్టు పెట్టినట్టు కాస్త బోడిగా కనిపించేది ఆ గ్రంథే. అది తన తలను మిగతా వాటికి రుద్ది అందరికీ ఒకే వాసన అంటిస్తుంది. ఆ వాసన ఉన్నది మనది, లేనిది పరాయిది. చీకట్లో బతికే జీవికి ముఖం కన్నా వాసనే గుర్తు. రాత్రంతా అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటాయి. ప్రమాదం అనిపిస్తే చిన్న కుక్కపిల్ల మొరిగినట్టు అరుస్తాయి, భయపడితే పాత యంత్రం గిరగిర తిరిగినట్టు శబ్దం చేస్తాయి.

గుంపుగా పడుకోవడం ఊరికే ముద్దు కోసం కాదు. ఒళ్ళు చిన్నది కాబట్టి వేడి త్వరగా పోతుంది. పక్కన ఇంకొకటి ఉంటే ఆ వేడి మిగులుతుంది. మన ఊరు సముద్ర మట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి 15 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. మనం దుప్పటి మీద దుప్పటి కప్పుకుంటాము. రేకుల కప్పు కింద పంజరంలో ఒంటరిగా ఉన్న 100 గ్రాముల ప్రాణి ఏం కప్పుకుంటుంది? బాగా చలివేస్తే అది ఒంటి వేడి తగ్గించుకుని, కట్టెలాగా చల్లగా, కదలకుండా అయిపోతుంది. చచ్చిపోయిందనుకుని పారేసినవాళ్ళు కూడా ఉంటారు. అలా కనిపిస్తే గుడ్డలో చుట్టి మన ఒంటికి ఆనించి మెల్లగా వెచ్చబెట్టి, వెంటనే పశువైద్యునికి చూపించాలి. పొయ్యి దగ్గర పెట్టరాదు, వేడినీళ్ళు పోయరాదు.

ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు సేద్యం చేసే ఇళ్ళ పిల్లలకు తోడు అంటే ఏమిటో నేను కొత్తగా చెప్పనక్కరలేదు. కాడి జతలో ఒక ఎద్దును సంతలో అమ్మేస్తే రెండోది మేత ముట్టకుండా రెండు మూడు దినాలు దారివైపే చూస్తూ నిలబడటం మీ తాతలు చూసే ఉంటారు. మంద నుంచి విడిపోయిన గొర్రె ఎట్లా అరుస్తుందో మీరే విని ఉంటారు. షుగర్ గ్లైడర్ కూడా మంద జీవే. మంద చిన్నది, చెట్టు మీద ఉంటుంది, రాత్రి పూట మేలుకుంటుంది. తేడా అంతే.

ఒంటరితనం ఎట్లా తెలుస్తుంది

ఒంటరిగా ఉంచిన గ్లైడర్ మొదట తన వెంట్రుకలు తానే ఎక్కువగా నాకుతుంది, పీకుతుంది. తోక దగ్గర, కాళ్ళ దగ్గర బోడిగా అవుతుంది. తర్వాత కొరుక్కోవడం మొదలుపెడుతుంది. కొన్ని తోకను, కాలి వేళ్ళను కొరికి పుండు చేసుకుంటాయి. తిండి తగ్గిస్తుంది. రాత్రి మేలుకోవలసిన వేళ కూడా మూల ముడుచుకుని ఉంటుంది, లేకపోతే పంజరంలో ఒకే దారిలో గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. దగ్గరికి పోతే కరుస్తుంది. "పొగరు పట్టింది" అంటారు మనవాళ్ళు. పొగరు కాదు, భయం.

ఇక్కడ ఒక జాగ్రత్త. తోక కొరుక్కోవడం అంతా ఒంటరితనమే అని మనమే తేల్చుకోకూడదు. గాయం, మూత్రంలో ఇన్ఫెక్షన్, చర్మవ్యాధి ఉన్నా అట్లాగే చేస్తుంది. వెనక కాళ్ళు ఈడ్చుకుంటుంటే అది చాలావరకు కాల్షియం లోపం. బిస్కెట్లు, అరటిపండు, చక్కెర నీళ్ళు మాత్రమే పెట్టే ఇళ్ళలో ఇది వస్తుంది. కాబట్టి ముందు డాక్టరు, తర్వాత మన ఊహ. మన ఊరి పశువైద్యశాలలో ఎక్కువగా ఆవులు, మేకలు, కుక్కలు చూస్తారు. ఇలాంటి జంతువుకు వాళ్ళు పై ఆసుపత్రికి పంపితే బెంగళూరు హెబ్బాళలోని పశువైద్య కళాశాల ఉంది. నేను ఆ పాప నాన్నకు మొదట చెప్పింది అదే.

దుకాణంలో చెప్పే మాట

"ఒకటే తీసుకోండి సార్, రెండుంటే అవి అవే ఆడుకుంటాయి, మీకు అలవాటు కావు." ఈ మాట ఆయనకు చెప్పారట. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ లెక్క వేసి చూడండి. ఈ జంతువు పగలంతా నిద్రపోతుంది. మేలుకునేది రాత్రి. పాప రాత్రి తొమ్మిదిన్నరకు పడుకుంటుంది, పొద్దున ఆరింటికి లేస్తుంది. రోజుకు ఒక గంట చేతిలో పట్టుకున్నా, మిగతా ఎనిమిది తొమ్మిది గంటలు అది మేలుకుని ఎవరి కోసం అరవాలి? మనం ఎంత ప్రేమగా చూసినా దాని భాష మాట్లాడలేము, నెత్తికి నెత్తి రుద్దలేము, దానితో గుడ్డసంచిలో పడుకోలేము. పైగా జతగా ఉన్నవి మనిషికి మచ్చిక కావన్నది నిజం కాదు. భయం లేని జంతువే త్వరగా చేతికి వస్తుంది. రోజూ ఒకే వేళకు, ఒకే మనిషి, తొందరపడకుండా దగ్గరకు తీస్తే రెండూ అలవాటవుతాయి.

నా చిన్నప్పటి సంగతి ఒకటి ఒప్పుకోవాలి. మా నాన్న గని కార్మికుడు. మేము లైన్ ఇళ్ళలో ఉండేవాళ్ళము. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఎవరో రామచిలుక పిల్లను తెచ్చిచ్చారు. ఒక్కటే. ఇనుప తీగల పంజరం, వసారాలో కొక్కానికి వేలాడదీశాము. షిఫ్టు సైరను మోగినప్పుడల్లా అది అదే స్వరంలో కూసేది, వీధంతా వచ్చి నవ్వేవాళ్ళు. భూమి లోపల ఎక్కడో రాయి పేలి ఇల్లు అదిరిన రాత్రులు అది పంజరానికి కొట్టుకునేది. రెండో ఏడు రొమ్ము మీది ఈకలన్నీ పీక్కుంది. జబ్బు అనుకుని మా అమ్మ పసుపు రాసింది. సాయంత్రం పూట పైన చిలుకల గుంపు అరుచుకుంటూ పోతుంటే అది మెడ వంచి ఆకాశం వైపు చూసేది. అది దేని కోసం చూస్తోందో ఆ వయసులో నాకు తట్టలేదు. పెద్దయ్యాక, ఉపాధ్యాయ శిక్షణలో పిల్లల మనస్తత్వ పాఠం వింటున్నప్పుడు హఠాత్తుగా గుర్తుకొచ్చింది.

ఇప్పటికే ఒకటి ఉంటే ఏం చేయాలి

రెండోదాన్ని తెచ్చి అదే పంజరంలో వదిలేయడం పెద్ద పొరపాటు. పైన చెప్పిన వాసన సంగతి గుర్తుంచుకోండి. కొత్తది పరాయిది, పాతది దాని మీద పడి కరుస్తుంది. కొన్నిసార్లు ప్రాణం పోయేదాకా కొట్లాడతాయి.

మొదట కొత్తదాన్ని డాక్టరుకు చూపించి, ఒక నెల వేరే గదిలో ఉంచాలి. జబ్బులుంటే ఈలోగా బయటపడతాయి. తర్వాత రెండు పంజరాలను ఒకే గదిలో, మధ్యలో జానెడు ఎడం పెట్టి ఉంచాలి. పళ్ళు, గోళ్ళు అందరాదు. వాసన, అరుపు మాత్రం అందాలి. ప్రతి రెండు మూడు రోజులకు అవి పడుకునే గుడ్డసంచులను ఇటుది అటు, అటుది ఇటు మార్చాలి. సంచిని కరవకుండా అందులోనే దూరి పడుకుంటే సగం పని అయినట్టే. అప్పుడు రెండింటికీ కొత్తదైన చోట, ఖాళీగా ఉన్న చిన్న గదిలో, పెద్దవాళ్ళు పక్కన కూర్చుని కలపాలి. మొదట పది నిమిషాలు. కాస్త అరుచుకుంటే ఫరవాలేదు. ఉండలా చుట్టుకుని కొట్లాడితే తువ్వాలు వేసి విడదీయాలి, చేతులు పెట్టకండి. ఇది వారంలోనూ కావచ్చు, రెండు నెలలూ పట్టవచ్చు. పిల్లలకు ఈ పని ఒంటరిగా అప్పగించవద్దు.

మగ, ఆడ కలిపి ఉంచితే పిల్లలు పుడతాయి, ఆ పిల్లలకు మళ్ళీ ఇల్లు వెతకాలి. మగదానికి ముందే పశువైద్యునితో ఆపరేషన్ చేయించడం మంచిది. ఆపరేషన్ కాని రెండు మగవాటిని పెద్దయ్యాక కలిపితే కొట్లాట ఎక్కువ. పంజరం కనీసం 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు, 3 అడుగుల ఎత్తు ఉండాలి. ఇది చెట్టు జీవి కాబట్టి వెడల్పు కన్నా ఎత్తు ముఖ్యం. కొమ్మలు, తాళ్ళు, రెండు మూడు గుడ్డసంచులు వేలాడదీయాలి.

రెండోది కొనడమే దారి కాదు. ఆ పాప ఇంట్లో అదే చర్చ జరిగింది. ఇంకొకటి కొంటే ఖర్చు, పైగా దుకాణానికి ఇంకొక బేరం. ఆస్ట్రేలియా తన వన్యప్రాణులను పెంపుడు వ్యాపారం కోసం బయటికి పంపనివ్వదు. అయినా లోకమంతా ఇవి అమ్ముడవుతున్నాయంటే, ఇంకెక్కడో అడవిలో పట్టిన వాటి సంతానంతో ఈ వ్యాపారం మొదలైందని అర్థం. చివరికి వాళ్ళ నాన్నతో పనిచేసే ఒకాయన ఇంట్లో ఇట్లాగే ఒంటరిగా ఉన్న మగది ఒకటుంటే, వాళ్ళు ఇచ్చేశారు. ఆపరేషన్ చేయించి, పైన చెప్పినట్టు నెలన్నర ఓపిక పట్టి కలిపారు. సంక్రాంతి నుంచి రెండూ ఒకే సంచిలో పడుకుంటున్నాయట. కొరుక్కోవడం ఆగింది. తోక చివర పోయిన వెంట్రుకలు మాత్రం మళ్ళీ రాలేదు. మీ ఇంట్లోనిదాన్నే ఇంకో ఒంటరి దానికి తోడుగా ఇచ్చేయడం కూడా దారే. పిల్లలు ఏడుస్తారు. కానీ కూర్చోబెట్టి చెబితే అర్థం చేసుకుంటారు, మనం అనుకున్నదాని కన్నా త్వరగా.

మిగతా పెంపుడు జీవుల మాట

మన దగ్గర లవ్ బర్డ్స్ అని అమ్మే చిన్న రంగు చిలుకలు నిజానికి బడ్జెరిగార్లు. అవీ ఆస్ట్రేలియావే. అక్కడ వేలకొద్దీ గుంపుగా ఎగురుతాయి. ఒక్కదాన్నే ఉంచి పంజరంలో అద్దం పెడితే తోడు అవుతుందనుకుంటారు. మగ పక్షి ఆ అద్దంలోని బొమ్మకు తన నోటిలోని తిండి పెట్టడానికి ప్రయత్నిస్తుంది. అది చూసి నవ్వుకుంటాము. అద్దం తీసేసి ఇంకో పక్షిని తెండి. గినీ పందులు, కుందేళ్ళు కూడా గుంపు జీవులే. కానీ గినీ పందికి కుందేలు తోడు కాదు. రెండింటి భాష వేరు, తిండి వేరు, కుందేలు కాలు తన్నితే గినీ పందికి దెబ్బ తగులుతుంది. స్విట్జర్లాండులో 2008 నుంచి గినీ పంది లాంటి గుంపు జీవిని ఒంటరిగా పెంచడం చట్టప్రకారం కుదరదు. మన దేశంలో అలాంటి నియమం లేదు.

అన్నీ ఇట్లా కాదు. సిరియన్ హామ్‌స్టర్ పెద్దయ్యాక ఒంటరిగానే ఉండాలి, రెండుంటే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఫైటర్ చేపల్లో మగవీ అంతే. కుక్క సంగతి వేరు. వేల ఏళ్ళుగా మనిషితో కలిసి బతికి మనిషినే తన మందగా లెక్క వేసుకుంది. అందుకే పగలంతా గొలుసుకు కట్టేసి అందరూ పనికి పోతే దానికి అంత బాధ. కాబట్టి ఏ జీవిని తెచ్చినా అడవిలో అది ఎట్లా బతుకుతుందో ముందు కనుక్కోండి.

రామచిలుకను ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఒంటరిదైనా జతదైనా తేడా లేదు. మన కోలారు, చిత్తూరు, అనంతపురం వైపు మెట్ట నేలల్లో ఉండే నక్షత్ర తాబేలుకూ ఇదే వర్తిస్తుంది. అదృష్టం తెస్తుందని ఎవరు చెప్పినా నమ్మకండి. ఇంట్లో చిలుక ఉంటే భయపడి ఊరికే గాలిలోకి వదిలేయకండి. పిల్లప్పటి నుంచి చేతి తిండి తిన్నది బయట బతకలేదు. అటవీ శాఖ వాళ్ళకు అప్పగించాలి. పెంపుడు జంతువులు అమ్మే దుకాణాలు 2018 నాటి కేంద్ర నియమాల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి. కొనేముందు ఆ పత్రం అడగండి, బిల్లు తీసుకోండి.

ఇంకో లెక్క కూడా వేయండి. బాగా చూసుకుంటే షుగర్ గ్లైడర్ 10, 12 ఏళ్ళు బతుకుతుంది. ఏడో తరగతి పాప కోసం ఈరోజు తెచ్చినది ఆమె డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగంలో చేరేదాకా ఉంటుంది. అప్పుడు దాన్ని ఎవరు చూస్తారు? జతలో ఒకటి ముందు పోతే రెండోదానికి ఏం చేస్తారు? ఈ ప్రశ్నలకు ఇంట్లో జవాబు దొరికితేనే తెండి. నా అభిప్రాయం అడిగితే, మన ఊరి చలికి, మన ఇళ్ళ వేళలకు ఇది తగిన జీవి కాదు. సాయంత్రం తోడు లేని పిల్లల కోసం బడి గ్రంథాలయాన్ని ఐదున్నర దాకా తెరిచి ఉంచుతున్నాము. పేరు ఇస్తే చాలు.

ఇంట్లో గ్లైడర్, గినీ పంది, కుందేలు, లవ్ బర్డ్స్ ఒంటరిగా ఉన్న పిల్లలు వచ్చే శనివారం బడి వదిలిన తర్వాత సైన్సు గదికి రండి. అది ఏం తింటుంది, ఎప్పుడు నిద్రపోతుంది, ఎప్పుడు అరుస్తుంది అన్నది మూడు రోజులు గమనించి నోటుబుక్కులో రాసుకుని తీసుకురండి. ఒకే రకం జీవి ఉన్న ఇళ్ళను కలిపే ప్రయత్నం చేద్దాం. జంతువును మాత్రం బడికి తేవద్దు. గ్లైడరైతే ఆ వేళకు నిద్రలో ఉంటుంది.